మిర్చిలో మందు అవశేషాలను బంగారు రేణువులు పట్టేస్తాయా? వరుసలో పేరిస్తే కాంతితో అవి చేసే పని ఇదే!

గుంటూరు జిల్లా ప్రత్తిపాడు పేరులోనే ప్రత్తి ఉంది. ఆ నల్లరేగడిలో ప్రత్తితో పాటు మిర్చి కూడా ప్రధాన పంటే. ప్రత్తిపాడు, పెదనందిపాడు, పర్చూరు వైపు నుంచి టిక్కీలు ఎక్కేది గుంటూరు మిర్చి యార్డుకే. అక్కడ కాయ రంగు, తేమ, తాలు చూసి ధర చెబుతారు. కానీ కాయలో మిగిలిపోయిన పురుగు మందు కంటికి కనిపించదు, చేతికి తగలదు. అది బయటపడేది ల్యాబ్‌లోనే. ఆ పరీక్షను కొన్ని నిమిషాల్లో, కల్లం దగ్గరే చేయగలమా? ఈ ప్రశ్నకు సమాధానం వెతుకుతున్న సైంటిస్టుల చేతిలో ఉన్న ఆయుధం.. వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని బంగారు, వెండి రేణువులు. అవి ఎలా పనిచేస్తాయి? వాటిని వరుసలో పేర్చడం ఎందుకంత ముఖ్యం? మన మిర్చికి ఎప్పుడు పనికొస్తాయి? పూర్తి వివరాలు చూద్దాం.

ముఖ్యాంశాలు

• బంగారాన్ని నానో సైజుకు తెస్తే పసుపు రంగు పోయి ఎర్రగా కనిపిస్తుంది.
• రెండు రేణువులు బాగా దగ్గరైతే మధ్య సందులో కాంతి బలం విపరీతంగా పెరుగుతుంది.
• ఆ సందులో చిక్కిన మందు అణువు తన 'వేలిముద్ర'ను బయటపెడుతుంది.
• రేణువులు చిందరవందరగా ఉంటే రీడింగ్ మారిపోతుంది. వరుసలో ఉంటేనే నమ్మదగ్గ ఫలితం.
• మిర్చి విషయంలో దాటాల్సిన అడ్డంకులు ఇంకా ఉన్నాయి.

అసలు సమస్య ఎక్కడుంది?

2021-22 సీజన్‌ను మిర్చి రైతులు అంత తేలిగ్గా మర్చిపోలేరు. నల్ల తామర పురుగు పూతను తినేసింది. తోటను కాపాడుకోవాలని చాలామంది మందు మీద మందు కొట్టారు. ఎంత కొట్టామో రైతుకు తెలుసు. కానీ ఎంత మిగిలిందో ఎవరికీ తెలియదు.

ఎగుమతి దగ్గరికి వచ్చేసరికి ఆ 'ఎంత మిగిలింది' అన్నదే అసలు ప్రశ్న. యూరప్‌లో ప్రత్యేకంగా పరిమితి పెట్టని పురుగు మందుకు కిలోకు 0.01 మిల్లీగ్రాములే హద్దు. ఎండు కాయ లెక్కలో ఎండినప్పుడు తగ్గే బరువును కూడా పరిగణిస్తారనుకోండి. బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ విషయంలో అయితే బీ1 రకం కిలోకు 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10 మైక్రోగ్రాములు దాటకూడదు. అంటే ఒక టన్ను మిర్చిలో, సుమారుగా పాతిక టిక్కీల్లో, 5 మిల్లీగ్రాముల బీ1 దాటితే చాలు.. సరుకు వెనక్కే.

రంగు కల్తీ గొడవ కూడా పాతదే. 2003లో భారత్ నుంచి వెళ్లిన కారంలో సుడాన్-1 అనే రంగు ఉందని ఫ్రాన్స్ హెచ్చరించింది. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో అదే రంగు కలిసిన కారం వాడారని 400కు పైగా ఆహార ఉత్పత్తులను షాపుల నుంచి వెనక్కి తీసుకున్నారు. ఎక్కడో ఎవరో కలిపిన రంగుకు దెబ్బ తగిలింది మాత్రం భారత మిర్చి పేరుకే.

ఇప్పుడు ఈ పరీక్షలన్నీ ల్యాబ్‌లో, ఖరీదైన మెషీన్ల మీద జరుగుతున్నాయి. శాంపిల్ తీసి, పొడి చేసి, ద్రావకంలో కలిపి, వడగట్టి, మెషీన్‌లోకి పంపాలి. ఫలితం కచ్చితంగా వస్తుంది. కానీ ఖర్చు ఎక్కువ, టైమ్ ఎక్కువ. పది టిక్కీల చిన్న రైతు అంత దూరం వెళ్లలేడు. దాంతో జాగ్రత్తగా మందు కొట్టిన రైతు కాయకూ, ఇష్టమొచ్చినట్టు కొట్టిన రైతు కాయకూ యార్డులో ఒకే చూపు. పద్ధతిగా పండించినా నిరూపించుకునే దారి లేదు. అసలు నష్టం అక్కడే జరుగుతోంది.

బంగారం ఎర్రగా ఎందుకు మారుతుంది?

బంగారం అంటే పసుపు రంగే గుర్తొస్తుంది. కానీ 20 నానోమీటర్ల సైజుకు తెచ్చి నీళ్లలో కలిపితే ఆ నీళ్లు దానిమ్మ రసంలా ఎర్రగా మారతాయి. వెండి అయితే పసుపు రంగులోకి వస్తుంది. ఒక నానోమీటర్ అంటే మిల్లీమీటర్‌లో పది లక్షల వంతు. మన వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు.

దీనికి కారణం లోహంలోని ఎలక్ట్రాన్లు. లోహంలో కొన్ని ఎలక్ట్రాన్లు ఏ అణువుకూ కట్టుబడకుండా స్వేచ్ఛగా తిరుగుతుంటాయి. కాంతి అనేది ఒక తరంగం. పచ్చటి కాంతి అయితే సెకనుకు సుమారు 6 కోట్ల కోట్ల సార్లు ఊగుతుంది. ఆ కాంతి చిన్న రేణువు మీద పడగానే లోపలి ఎలక్ట్రాన్లన్నీ ఒక గుంపుగా అటూ ఇటూ ఊగడం మొదలుపెడతాయి.

ఉయ్యాలనే తీసుకోండి. సరిగ్గా దాని ఊపుకు తగ్గట్టు తోస్తే చిన్న పిల్లాడు తోసినా పైకి లేస్తుంది. తప్పు టైమ్‌లో తోస్తే ఎంత బలవంతుడు తోసినా ఆగిపోతుంది. ఎలక్ట్రాన్ల గుంపుకు కూడా సొంత ఊపు ఒకటి ఉంటుంది. బంగారు రేణువుకు అది 520 నానోమీటర్ల పచ్చ కాంతి దగ్గర కుదురుతుంది. ఆ పచ్చ కాంతిని రేణువు లాగేసుకుంటుంది. మిగిలిన కాంతి మన కంటికి ఎర్రగా కనిపిస్తుంది. ఈ సామూహిక ఊపునే ప్లాస్మాన్ అంటారు.

ఇది కొత్త విషయమేమీ కాదు. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో లైకర్గస్ కప్ అనే 4వ శతాబ్దపు రోమన్ గాజు పాత్ర ఉంది. ముందు నుంచి వెలుగు పడితే పచ్చగా, లోపల దీపం పెడితే ఎర్రగా కనిపిస్తుంది. గాజులో కలిసిన బంగారు, వెండి నానో రేణువులే దానికి కారణం. 1857లో మైఖేల్ ఫారడే ఎర్రటి బంగారు ద్రావణం మీద ప్రయోగాలు చేశారు. 1908లో గుస్తావ్ మీ అనే జర్మన్ సైంటిస్టు దీనికి లెక్క కట్టి చూపించారు.

అంత దూరం ఎందుకు.. కొవిడ్ టైమ్‌లో ఇంట్లో చేసుకున్న రాపిడ్ టెస్ట్ గుర్తుందా? అందులో వచ్చే ఎర్ర గీత చాలా కిట్లలో బంగారు నానో రేణువులదే. ప్రెగ్నెన్సీ టెస్ట్ కార్డుల్లోనూ చాలావరకు ఇదే పద్ధతి.

రెండు రేణువులు దగ్గరైతే ఏం జరుగుతుంది?

అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. ఎర్రటి బంగారు ద్రావణంలో చిటికెడు ఉప్పు వేస్తే రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. రంగు ఎరుపు నుంచి ఊదా, నీలం వైపు మారిపోతుంది. బంగారం అదే, బరువూ అదే. మారింది రేణువుల మధ్య దూరం మాత్రమే.

రెండు రేణువులు ఒకటి రెండు నానోమీటర్ల దూరంలో ఉంటే ఒకదాని ఎలక్ట్రాన్ల ఊపు రెండోదాన్ని లాగుతుంది. కాంతి బలమంతా ఆ ఇరుకు సందులో పోగవుతుంది. సైంటిస్టులు దీన్ని 'హాట్ స్పాట్' అంటారు. పేరులో హాట్ ఉన్నా వేడి అని కాదు, కాంతి అక్కడ బాగా బలంగా ఉంటుందని అర్థం.

ఆ సందులో పురుగు మందు అణువు ఇరుక్కుంటే అదెవరో ఇట్టే చెప్పొచ్చు. ఎలాగంటే.. ఇక్కడే సర్ సీవీ రామన్ వస్తారు. 1928 ఫిబ్రవరి 28న ఆయన కనుగొన్న రామన్ ఎఫెక్ట్ చెప్పేది ఇదీ: ఏదైనా పదార్థం మీద ఒకే రంగు కాంతి వేస్తే తిరిగొచ్చే కాంతిలో చాలా కొద్ది భాగం రంగు మార్చుకుంటుంది. ఎంత మారిందన్నది ఆ అణువు నిర్మాణాన్ని బట్టి ఉంటుంది. ప్రతి పదార్థానికీ ఒక వేలిముద్ర అన్నమాట.

తెలుగు నేలకూ దీంతో సంబంధం ఉంది. రామన్ చిన్నతనం గడిచింది, స్కూల్ చదువు సాగింది విశాఖపట్నంలోనే. కలకత్తాలో ఆయన దగ్గర పనిచేసిన సూరి భగవంతం ఆ తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌గా ఈ పరిశోధనను ముందుకు తీసుకెళ్లారు.

కాకపోతే ఒక చిక్కు ఉంది. అలా రంగు మార్చుకునే కాంతి కణాలు సుమారు కోటికి ఒకటి మాత్రమే. మిర్చిలో మందు ఉండేదే అతి కొద్దిగా. అందులోంచి వచ్చే సిగ్నల్ కోటికి ఒకటంటే ఇక దొరికినట్టే!

1974లో బ్రిటన్‌లోని సౌతాంప్టన్‌లో మార్టిన్ ఫ్లీష్‌మన్ బృందం గరుకు చేసిన వెండి మీద ఒక రసాయనాన్ని పరీక్షిస్తే సిగ్నల్ అనుకోనంత బలంగా వచ్చింది. గరుకుతనం వల్ల ఉపరితల వైశాల్యం పెరగడం ఒక్కటే దీనికి కారణం కాదని, వెండి ఉపరితలమే సిగ్నల్‌ను పెంచుతోందని 1977లో మరో రెండు బృందాలు తేల్చాయి. లెక్క తేలిగ్గా చెప్పాలంటే.. సందులో కాంతి తరంగం బలం 10 రెట్లు పెరిగితే రామన్ సిగ్నల్ సుమారు 10 వేల రెట్లు పెరుగుతుంది. మంచి హాట్ స్పాట్‌లో పది లక్షల నుంచి పది కోట్ల రెట్లు, అంతకు మించి కూడా పెరగొచ్చు. 1997లో ఒకే ఒక్క అణువును కూడా ఈ పద్ధతిలో గుర్తించారు. దీనికి ఇంగ్లిష్ పొట్టి పేరు సెర్స్.

మరి వరుసలో పేర్చడం ఎందుకు?

గరుకు వెండితోనే పని జరిగితే ఇంకేం కావాలి అనిపించొచ్చు. సమస్య ఏంటంటే.. గరుకు ఉపరితలం మీద సందులు ఎక్కడ ఎలా ఉంటాయో ఎవరూ చెప్పలేరు. ఒక చోట సందు ఒక నానోమీటర్ ఉంటుంది, పక్కనే ఐదు ఉంటుంది. ఒకే శాంపిల్‌ను పది చోట్ల చూస్తే పది రకాల రీడింగ్‌లు వస్తాయి.

విత్తనాలు చేత్తో చల్లిన చేను, నిలువూ అడ్డం సాళ్లు తీసి నాటిన చేను పక్కపక్కన ఉన్నాయనుకోండి. చల్లిన చేనులో ఒక చోట మొక్కలు గుంపుగా, ఇంకో చోట ఖాళీగా ఉంటాయి. ఒక గజం చూసి ఎకరం దిగుబడి చెప్పలేం. సాళ్లలో నాటిన చేనులో ఏ గజం చూసినా దాదాపు ఒకటే లెక్క. నానో రేణువుల విషయంలో జరిగేది కూడా అచ్చం ఇదే.

రైతు కోణంలో చూస్తే ఇది చిన్న విషయం కాదు. మిషన్ ఒకసారి 'మందు ఉంది' అని, మరోసారి 'లేదు' అని చెబితే నష్టపోయేది ఎవరు? ఆ రీడింగ్ చూపించి క్వింటాకు ధర తగ్గించే అవకాశం దొరుకుతుంది. నమ్మకం లేని పరీక్ష కంటే పరీక్ష లేకపోవడమే నయం. అందుకే సిగ్నల్ ఎంత పెద్దగా వచ్చిందన్నది ఒక్కటే చాలదు. ఎక్కడ చూసినా, ఎన్నిసార్లు చూసినా ఒకేలా రావాలి.

వరుసతో ఇంకో లాభం కూడా ఉంది

ఇక్కడ రెండు రకాల దూరాలు ఉన్నాయని గుర్తుంచుకోవాలి. మొదటిది.. ఒకటి రెండు నానోమీటర్ల సందు. సిగ్నల్‌ను పెంచేది అదే. రెండోది.. రేణువుకూ రేణువుకూ మధ్య కొన్ని వందల నానోమీటర్ల దూరం. అంటే కాంతి తరంగం పొడవుకు దగ్గరగా ఉండే దూరం.

ఈ రెండో దూరం వల్ల జరిగేది అర్థం కావాలంటే కోలాటం చూడాలి. ఒక్కరే కర్రలు కొడితే చప్పుడు చిన్నగా వచ్చి పోతుంది. వంద మంది తలో తాళంలో కొడితే గోల. అదే వంద మందీ ఒకే తాళానికి కొడితే ఊరంతా వినిపిస్తుంది.

ఒక రేణువు తన మీద పడ్డ కాంతిని పక్కలకు చిమ్ముతుంది. ఆ చిమ్మిన కాంతి పక్క రేణువును చేరేసరికి అక్కడి ఊపు కూడా సరిగ్గా అదే తాళంలో ఉంటే రెండూ కలిసి బలపడతాయి. వేల రేణువులు ఇలా కలిస్తే ఒక్కో రేణువు విడిగా చేయలేని పని గుంపుగా చేస్తాయి. ఉదాహరణకు గాజులో రేణువులను 400 నానోమీటర్ల దూరంలో పేర్చారనుకుందాం. గాజు వక్రీభవన గుణకం సుమారు 1.5. రెండూ గుణిస్తే 600. అంటే 600 నానోమీటర్ల నారింజ రంగు దగ్గర రేణువులన్నీ ఒకే తాళంలోకి వస్తాయి. దూరం మారిస్తే రంగు మారుతుంది.

విడిగా ఉన్న రేణువు స్పందన 50 నుంచి 100 నానోమీటర్ల వెడల్పులో మసకగా ఉంటుంది. వరుసలో పేరిస్తే అది కొన్ని నానోమీటర్లకు కుదించుకుపోయి సన్నని గీతలా మారుతుంది. గీత ఎంత సన్నగా ఉంటే అది కొంచెం జరిగినా అంత తేలిగ్గా తెలుస్తుంది. రేణువుల మీద ఏదైనా అణువుల పొర అంటుకుంటే గీత పక్కకు జరుగుతుంది. దీంతో కూడా సెన్సర్లు చేయొచ్చు.

ఇంత చిన్న రేణువులను ఎలా పేరుస్తారు?

చేత్తో పేర్చడం కుదరదు. ప్రధానంగా మూడు పద్ధతులు ఉన్నాయి.

• ఎలక్ట్రాన్ పుంజంతో గీయడం: పెన్నుతో చుక్కలు పెట్టినట్టు ఒక్కో చోటును గీస్తారు. కచ్చితత్వం ఎక్కువ, ఖర్చూ ఎక్కువే.
• గోళీల పద్ధతి: అతి చిన్న ప్లాస్టిక్ గోళీలను నీటి మీద తేలుస్తారు. అవి తమంతట తామే తేనెపట్టు ఆకారంలో సర్దుకుంటాయి. వాటిని గాజు మీదకు ఎత్తి పైనుంచి వెండి ఆవిరి పోస్తారు. గోళీలను తీసేస్తే సందుల్లో పడ్డ వెండి త్రిభుజాలు వరుసగా మిగులుతాయి. ఇది చౌక.
• అచ్చు పద్ధతి: ఒకసారి అచ్చు చేసుకుని రబ్బరు స్టాంపులా ముద్రలు వేస్తూ పోవడం. సీడీలు, డీవీడీలు తయారైంది ఇలాంటి అచ్చులతోనే. సీడీ మీద కనిపించే ఇంద్రధనుస్సు రంగులు కూడా వరుస గీతల వల్ల వచ్చినవే.

హైదరాబాద్‌లో ఏం జరుగుతోంది?

ఈ రంగంలో తెలుగు నేల మీద చెప్పుకోదగ్గ పని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో జరుగుతోంది. అక్కడి ప్రొఫెసర్ సోమా వేణుగోపాల్ రావు బృందం చాలా ఏళ్లుగా లేజర్‌తో బంగారు, వెండి నానో రేణువులను తయారు చేస్తోంది. ద్రవంలో ముంచిన లోహం మీద అతి తక్కువ సేపు ఉండే లేజర్ దెబ్బలు వేస్తే లోహం రేణువులుగా విడిపోతుంది. అదే లేజర్‌తో లోహం ఉపరితలం మీద వరుస గీతలు కూడా పుట్టించవచ్చు.

రక్షణ శాఖకు చెందిన డీఆర్డీవో సహకారంతో నడిచిన కేంద్రం కాబట్టి వారి మొదటి లక్ష్యం పేలుడు పదార్థాలను అతి కొద్ది మోతాదులో గుర్తించడం. అయితే అదే పద్ధతితో రంగులను, థైరామ్ వంటి వ్యవసాయ మందులను కూడా గుర్తించవచ్చని చూపించారు. ఖరీదైన చిప్‌కు బదులు మామూలు ఫిల్టర్ పేపర్ మీద రేణువులను ఎక్కించడం, చేత్తో పట్టుకునే రామన్ పరికరంతో రీడింగ్ తీయడం కూడా ఇందులో భాగమే. బాంబును పట్టే పరికరానికీ, మందును పట్టే పరికరానికీ సూత్రం ఒకటే.

మిర్చి దగ్గరికి వస్తే చిక్కులేంటి?

వీడియోల్లో చెప్పినట్టు కాయ మీద లైట్ వేస్తే మందు పేరు వచ్చేయదు. కారణాలు ఇవీ:

1. మిర్చికి ఎరుపునిచ్చే రంగు పదార్థాలకు కూడా బలమైన రామన్ సిగ్నల్ ఉంటుంది. మందు గొంతు ఆ గోలలో వినపడదు. ముందుగా ద్రావకంతో మందును వేరు చేయాల్సిందే.

2. అన్ని మందులూ లోహానికి అంటుకోవు. విత్తన శుద్ధికి వాడే థైరామ్‌లో గంధకం ఉంటుంది, అది బంగారం, వెండిని గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి తేలిగ్గా దొరుకుతుంది. రసం పీల్చే పురుగులకు కొట్టే ఇమిడాక్లోప్రిడ్ లాంటివి అంత తేలిగ్గా అంటుకోవు.

3. ల్యాబ్ మెషీన్ ఒక్క శాంపిల్‌లో వందకు పైగా మందులను వెతకగలదు. ఈ పద్ధతిలో ఒకసారికి కొన్నింటినే చూడగలం.

4. వెండి పట్టీలు నల్లబడినట్టే వెండి రేణువులూ గాలి తగిలితే నల్లబడతాయి. బంగారం నిలుస్తుంది కానీ సిగ్నల్ కాస్త తక్కువ.

5. అన్నిటికంటే పెద్దది శాంపిల్ సమస్య. టిక్కీలో ఒక మూల బూజు పట్టిన నాలుగు కాయలు ఉంటే మిగతా చోట్ల ఎంత గొప్ప సెన్సర్ పెట్టినా అఫ్లాటాక్సిన్ దొరకదు.

కాబట్టి దీన్ని తుది తీర్పుగా కాకుండా ముందస్తు జల్లెడలా చూడాలి. అనుమానం ఉన్న లాట్‌ను పక్కన పెట్టి, దాన్ని మాత్రమే గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు పంపితే ఖర్చు తగ్గుతుంది. ఎగుమతికి చెల్లేది ఎప్పటికీ ల్యాబ్ రిపోర్టే.

నానో యూరియా అంటే ఇదేనా?

కాదు. ఇఫ్కో తెచ్చిన నానో యూరియా పంటకు ఇచ్చే ఎరువు. ఇక్కడ చెప్పుకున్నది పరీక్ష కోసం వాడే లోహ రేణువుల గురించి. వీటిని పంట మీద కొట్టరు. 'నానో' అనే మాట డబ్బా మీద ఉన్నంత మాత్రాన రెండూ ఒకటి కావు. ఎవరైనా 'నానో గోల్డ్' అంటూ పంట మందు అమ్మితే లేబుల్, రిజిస్ట్రేషన్ నంబర్ చూడకుండా కొనొద్దు.

అప్పటిదాకా రైతులు ఏం చేయాలి?

పరికరం కల్లానికి రావడానికి టైమ్ పడుతుంది. కానీ అవశేషాలు, బూజు తగ్గించుకోవడం ఇప్పుడే రైతు చేతిలో ఉంది.

• కోతకు ముందు ఎన్ని రోజులు ఆపాలో మందు డబ్బా మీదే రాసి ఉంటుంది. ఆ గడువు పాటించాలి.
• ఏ మందు, ఎంత, ఏ తేదీన కొట్టారో ఒక పుస్తకంలో రాసుకోవాలి. బిల్లులు దాచుకోవాలి. పరీక్ష చేయించాల్సి వస్తే ఏ మందు కోసం వెతకాలో తెలుస్తుంది.
• కాయలను నేల మీద కాకుండా టార్పాలిన్ లేదా సిమెంట్ కల్లం మీద ఆరబెట్టాలి. రాత్రి మంచు పడకుండా కప్పాలి.
• తేమ 11 శాతం మించకుండా చూసుకోవాలి. తూకం కోసం నీళ్లు చల్లితే బూజుకు దారి వేసినట్టే.
• తాలు, బూజు కాయలను ముందే ఏరేయాలి. మంచి కాయతో కలిపితే మొత్తం లాట్ పోతుంది.

రేపు ఎవరైనా ఇలాంటి పరికరం తెచ్చి 'నిమిషంలో రిజల్ట్' అని చూపిస్తే రైతులు, రైతు సంఘాలు అడగాల్సిన మొదటి ప్రశ్న ఒక్కటే: "ఇదే కాయను పది చోట్ల చూడండి.. పదిసార్లూ ఒకే అంకె వస్తుందా?" రేణువులను వరుసలో పేర్చడానికి సైంటిస్టులు ఇన్నేళ్లుగా తంటాలు పడుతున్నది ఆ ప్రశ్నకు 'అవును' అని చెప్పడానికే.